జోసెఫ్ స్టోరీ జీవితం, ఉత్తరాలు: పుస్తకం గొప్పది, నాకొచ్చిన ప్రింటు మాత్రం కొనకండి

పుస్తకానికి ఐదుకి నాలుగున్నర, నా చేతికొచ్చిన ప్రింటుకి ఒకటి. రెండూ కలిపి సగటు మార్కు ఇస్తే ఎవరికీ ఉపయోగం లేదు కాబట్టి విడివిడిగా చెబుతాను. ముందు ప్రింటు సంగతి, ఎందుకంటే కొనేముందు తెలుసుకోవాల్సింది అదే.

ఇది 1851లో బోస్టన్‌లో అచ్చయిన పుస్తకం, రెండు సంపుటాలు, కలిపి 1200 పేజీల పైమాటే. అమెరికా సుప్రీంకోర్టు జడ్జి, హార్వర్డ్ లా ప్రొఫెసర్ జోసెఫ్ స్టోరీ జీవితాన్ని ఆయన ఉత్తరాలతో కలిపి కొడుకు విలియం వెట్‌మోర్ స్టోరీ కూర్చాడు. కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది కాబట్టి ఎవరైనా స్కాన్ తీసి ప్రింట్ చేసి అమ్ముకోవచ్చు, అమ్ముతున్నారు కూడా. నేను ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టిన సెట్టు రెండూ కలిపి 2,300 రూపాయలు పడింది. వచ్చిన సరుకు చూస్తే ప్రాణం ఉసూరుమంది. మొదటి సంపుటంలో అక్షరాలు పాత జిరాక్స్‌లా వెలిసిపోయి ఉన్నాయి గానీ కష్టపడి చదవొచ్చు. రెండో సంపుటంలో ఒకచోట పదహారు పేజీలు లేనే లేవు, ఇంకోచోట అదే పేజీ రెండుసార్లు ఉంది, చాలా పేజీల్లో కింది వరస సగానికి కోసేసి ఉంది. ఉత్తరాల పుస్తకంలో కింది వరస పోతే సంతకం పోతుంది, తేదీ పోతుంది, ఎవరికి రాశాడో పోతుంది. అమ్మినవాళ్లకి ఫోటోలు తీసి పంపితే రెండో సంపుటం వెనక్కి తీసుకున్నారు, డబ్బులు రావడానికి మూడు వారాలు పట్టింది. కాబట్టి కొనాలనుకునేవాళ్లు ముందు లోపలి పేజీల ఫోటోలు అడగండి, రెండు సంపుటాల మధ్యలో పేజీలవి కూడా. లేదా ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా పెట్టిన స్కాన్ దించుకుని చదవండి, నేను మిగతాదంతా అలాగే ట్యాబ్‌లో చదివాను.

ఇక అసలు సంగతి.

స్టోరీ పేరు నాకు ఎల్ఎల్ఎం (లా పీజీ) చదివే రోజుల్లో తెలుసు, కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ లాస్ పేపర్‌లో. ఒక దేశంలో జరిగిన పెళ్లి ఇంకో దేశంలో చెల్లుతుందా, ఒక దేశపు కోర్టు ఇచ్చిన తీర్పుని ఇంకో దేశం ఎందుకు ఒప్పుకోవాలి, ఎంతవరకు ఒప్పుకోవాలి అనే ప్రశ్నలని ఇంగ్లిష్‌లో ఒక పద్ధతి ప్రకారం పెట్టిన పెద్ద గ్రంథం 1834లో ఆయన రాసిందే. ఇది మనకి దూరం సంగతి కాదు. తిరుపతిలో పెళ్లి చేసుకుని అమెరికా వెళ్లిన భర్త అక్కడ మిస్సోరి రాష్ట్రంలో విడాకులు తెచ్చుకుంటే ఆ విడాకులు ఇక్కడ చెల్లవని 1991లో మన సుప్రీంకోర్టు చెప్పింది, ఇవాళ ప్రతి ఎన్ఆర్ఐ విడాకుల కేసులోనూ వకీళ్లు ఆ తీర్పు పట్టుకునే వాదిస్తారు. ఆ ప్రశ్నలని వరసలో పెట్టిన తొలితరం మనుషుల్లో స్టోరీ ఒకడు. ఆ గ్రంథం మాత్రం, నిజం చెప్పాలంటే, చదవడం కష్టం. పేజీకి పది మంది యూరప్ పండితులు వచ్చి వాదించుకుని వెళ్లిపోతారు. ఆయనంటే గౌరవం ఉండేది గానీ ఆయన ఒక మనిషి అని ఎప్పుడూ అనిపించలేదు.

ఈ ఉత్తరాలు చదివాక అనిపించింది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మొదటి సంపుటం మొదట్లోనే ఒక ఉత్తరం ఉంది, 1831 జనవరి 23 తేదీతో, కొడుకు విలియంకి రాసింది. అప్పటికి పిల్లాడికి పన్నెండేళ్లు కూడా నిండలేదు. తన బతుకంతా చెప్పుకొచ్చిన ఉత్తరం అది. విలియం దాన్ని ఒకేచోట పెట్టకుండా విరిచి అక్కడక్కడా అతికించాడు, నాకు అది నచ్చలేదు, ముక్కలన్నీ నేనే కాయితం మీద వరస రాసుకుని మళ్లీ చదువుకున్నాను. మసాచుసెట్స్‌లో మార్బుల్‌హెడ్ అనే చేపల రేవు ఊళ్లో 1779లో పుట్టాడు స్టోరీ. తండ్రి డాక్టరు, బ్రిటిష్ వాళ్ల టీ పన్నుకి ఎదురుతిరిగి బోస్టన్ రేవులో టీ పెట్టెలు నీళ్లలో పారేసినవాళ్లలో ఆయనా ఉన్నాడు. ఊళ్లో బడిలో మగపిల్లలూ ఆడపిల్లలూ కలిసి చదివేవాళ్లట, అక్కడ ఆడపిల్లలు చదువులో తమకి ఏమాత్రం తక్కువ కాదని తన కళ్లతో చూశానని కొడుక్కి చెబుతాడు. 1831లో ఒక సుప్రీంకోర్టు జడ్జి పదకొండేళ్ల కొడుక్కి ఈ మాట పనిగట్టుకుని రాయడం నాకు చాలా నచ్చింది.

అదే ఉత్తరంలో ఇంకో ముక్క ఉంది, లా చదివే పిల్లలందరికీ నేను పంపించింది. హార్వర్డ్ డిగ్రీ 1798లో అయ్యాక ఒక పెద్ద వకీలు దగ్గర జూనియర్‌గా చేరాడు, అప్పట్లో లా కాలేజీకి వెళ్లేవాళ్లు తక్కువ, ఆఫీసులో కూచుని పుస్తకాలు చదువుకోవడమే చదువు. సీనియర్ ఊరు వదిలి వెళ్లాడు, అడగడానికి మనిషి లేడు, ముందు ఎడ్వర్డ్ కోక్ భూమి హక్కుల మీద రాసిన పాతకాలపు ఇంగ్లిష్ గ్రంథం. రోజుల తరబడి ప్రయత్నించినా ఒక్క ముక్క ఎక్కక చివరికి కూచుని భోరున ఏడ్చానని, కన్నీళ్లు పడి పేజీలు మరకలయ్యాయని రాస్తాడు. తర్వాత పట్టు వదలకుండా మళ్లీ మళ్లీ చదివితే దారి కనిపించిందని. ఫస్టియర్‌లో ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్ ముందు కూచుని నాకు లా రాదేమో అని టెన్షన్ పడని వాళ్లెవరు? తొమ్మిది పెద్ద వ్యాఖ్యాన గ్రంథాలు రాసిన మనిషి ఇది దాచుకోలేదు, పైగా తన కొడుక్కే చెప్పాడు.

తర్వాత పేజీలు బరువుగా ఉంటాయి. 1804 డిసెంబరులో మేరీ ఆలివర్‌ని పెళ్లి చేసుకున్నాడు. అదే ఏడు ఏకాంతం మీద ఒక పెద్ద కవిత పుస్తకంగా వేసుకున్నాడు. 1805 వేసవిలో ఆవిడ చనిపోయింది, పెళ్లయి ఏడు నెలలు కూడా నిండలేదు. అదే ఏడు తండ్రీ పోయాడు. కవిత పుస్తకం ప్రతులు దొరికినన్ని తనే కొని తగలబెట్టేశాడు. ఆ తర్వాత దుఃఖం మర్చిపోవడానికి పనిలో పడ్డాడు, బతుకంతా ఆ అలవాటు పోలేదు.

1808లో సారా వెట్‌మోర్‌ని చేసుకున్నాడు. ఏడుగురు పిల్లలు పుట్టారు. పెద్దయ్యేదాకా బతికింది ఇద్దరే, మేరీ, విలియం. గర్భశోకం అని మనం ఒక్కసారి జరిగితేనే అంటాం, ఆ ఇంట్లో అది ఐదుసార్లు జరిగింది. ఆఖరిది 1831లో, పదేళ్ల లూయిసా, స్కార్లెట్ జ్వరంతో పోయింది. తేదీలు పక్కపక్కన పెట్టుకుని చూడండి: జనవరిలో కొడుక్కి ఆ పెద్ద ఉత్తరం, అది రాసి ఆరు నెలలు తిరక్కముందే కూతురు పోయింది, సెప్టెంబరు 24న కేంబ్రిడ్జ్ దగ్గర మౌంట్ ఆబర్న్ అనే కొత్త శ్మశానవాటిక ప్రారంభోత్సవంలో ఉపన్యాసం ఇచ్చింది ఈయనే. ఊరికి దూరంగా చెట్లూ గుట్టలూ చెరువుల మధ్య చనిపోయినవాళ్లకి చోటు ఇవ్వాలన్న ఆలోచన అమెరికాలో అప్పుడే కొత్త. ఆ సంస్థకి మొదటి అధ్యక్షుడు కూడా ఆయనే. లా విద్యార్థిగా ఆ ఉపన్యాసం పేరు ఎక్కడో విన్నాను, కూతుర్ని పోగొట్టుకున్న తండ్రి నాలుగు నెలలకి మాట్లాడిన మాటలు అవి అని ఈ పుస్తకం చదివేదాకా నాకు తెలియదు.

జడ్జి ఉద్యోగం సంగతికొస్తే, 1811 నవంబరులో అధ్యక్షుడు మాడిసన్ నియమించినప్పుడు ఆయనకి 32 ఏళ్లు, ఇప్పటికీ ఆ కోర్టులో అంతకంటే చిన్న వయసులో ఎవరూ రాలేదు. జీతం ఏడాదికి 3,500 డాలర్లు. ప్రాక్టీసులో అంతకంటే ఎక్కువే వచ్చేది. అయినా ఒప్పుకున్నాడు, చదువుకోవడానికి తీరిక దొరుకుతుందన్న ఆశ ఒక కారణం. శీతాకాలం వస్తే ఇల్లు వదిలి వాషింగ్టన్ వెళ్లాలి, బండి ప్రయాణం రోజుల తరబడి, అక్కడ వారాల తరబడి మకాం. జడ్జిలందరూ ఒకే బోర్డింగ్ హౌస్‌లో ఉండేవాళ్లు, ఒకే బల్ల దగ్గర తినేవాళ్లు, కేసులు అక్కడే తిండి మధ్యలో మాట్లాడుకునేవాళ్లు. ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ ఆ బల్లకి పెద్ద. స్టోరీ ఆయన్ని మొదటిసారి చూసింది 1808లో, అప్పుడే ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరంలో ఆయన నవ్వు గురించి చెబుతాడు, అంత మనసారా నవ్వే మనిషి కుట్రలు చేసేవాడు కాలేడని. పార్టీ పరంగా ఇద్దరూ ఎదురెదురు వర్గాలు. చివరికి తన రాజ్యాంగ వ్యాఖ్యానాన్ని, 1833లో మూడు సంపుటాలుగా వచ్చిన దాన్ని, మార్షల్‌కే అంకితమిచ్చాడు. ఆ స్నేహం ఎలా పెరిగిందో ఉత్తరాల్లో అంచెలంచెలుగా కనిపిస్తుంది, ఏ చరిత్ర పుస్తకం చదివినా రాని తృప్తి అది.

ఈ రెండు సంపుటాల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనవి వాషింగ్టన్ నుంచి సారాకి రాసిన ఉత్తరాలు. పగలంతా కోర్టు, రాత్రి భార్యకి ఉత్తరం. పెద్ద పెద్ద సంఘటనలు ఇంట్లో కూచుని చెప్పినట్టు చెబుతాడు. 1829 మార్చిలో ఆండ్రూ జాక్సన్ ప్రమాణ స్వీకారం అయ్యాక అధ్యక్ష భవనంలోకి జనం తోసుకొచ్చిన సంగతి అందరూ ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు, అక్కడ గుంపే రాజై ఏలుతోందన్న మాట ఈయన మార్చి 7న భార్యకి రాసిన ఉత్తరంలోదే. వీలైనంత త్వరగా అక్కణ్ణుంచి బయటపడ్డానని కూడా రాస్తాడు. జనం అంటే ఆయనకున్న బెదురు అందులో దాగదు, ఆ విషయంలో నేను ఆయన పక్షం కాదు, కానీ భార్యకి రాసేటప్పుడు మనిషి వేషం వేయడు కాబట్టి ఆయన నిజంగా ఏమనుకున్నాడో తెలుస్తుంది. 1841 ఫిబ్రవరి 28న ఇంకో ఉత్తరం. అమిస్టాడ్ ఓడలో తిరగబడిన ఆఫ్రికన్ల తరఫున మాజీ అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్, 73 ఏళ్ల వయసులో, వచ్చి వాదించాడు. ఆ వాదన బలం గురించి, అందులోని చేదు వెటకారం గురించి, కేసు రికార్డు దాటి ఎక్కడెక్కడికో వెళ్లిపోయిన తీరు గురించి స్టోరీ భార్యకి రాశాడు. పది రోజులు తిరక్కుండా, మార్చి 9న, వాళ్లు స్వతంత్రులని తీర్పు చదివింది స్టోరీయే. తీర్పు కాలేజీలో చదివాను. తీర్పు రాసే చెయ్యి ఆ వారంలో ఇంటికేం రాసిందో చదవడం వేరే అనుభవం.

అమెరికా ఆదివాసీ జాతి అయిన చెరోకీల కేసు కూడా అంతే. 1832లో జార్జియా రాష్ట్రం వాళ్ల మీద చేస్తున్నది చెల్లదని కోర్టు చెప్పిన కొద్ది రోజులకి ఒక మిత్రుడికి రాస్తూ, ఆ ప్రజల్ని అణిచిన పాపం నుంచి కోర్టు చేతులు కడుక్కుంది, దేశం సంగతి వేరు అన్న అర్థంలో రాస్తాడు. ఆ వాక్యంలో ఊరటా ఉంది, జరగబోయేది తెలిసిన బాధా ఉంది.

ఇప్పుడు అర మార్కు ఎందుకు తగ్గించానో చెప్పాలి.

1842లో ప్రిగ్ కేసు. మార్గరెట్ మోర్గాన్ అనే నల్లజాతి స్త్రీ, మేరీలాండ్‌లో స్వేచ్ఛగా ఉన్నట్టే పెరిగి, స్వతంత్రుడైన మనిషిని పెళ్లి చేసుకుని పెన్సిల్వేనియా వెళ్లి కాపురం పెట్టింది. 1837లో ఆవిడ బానిసేనంటూ ప్రిగ్ అనేవాడూ ఇంకొందరూ ఆవిణ్ణీ పిల్లల్నీ పట్టుకుని మేరీలాండ్‌కి లాక్కుపోయారు. అలా ఎత్తుకుపోవడం నేరమన్న పెన్సిల్వేనియా చట్టాన్ని కొట్టేస్తూ తీర్పు రాసింది స్టోరీ. ఈయనకి బానిసత్వమంటే అసహ్యం, ఆ మాట ఎన్నోసార్లు అన్నాడు, అయినా ఆ తీర్పు రాశాడు. పారిపోయిన బానిసల్ని పట్టిచ్చే పని ఫెడరల్ ప్రభుత్వానిదే, రాష్ట్రాల అధికారులు సాయం చేసి తీరాలని లేదు అని అందులోనే ఉంది కాబట్టి అది స్వేచ్ఛకి విజయమని తండ్రి చెప్పేవాడని విలియం రాస్తాడు. ఉత్తర రాష్ట్రాలు తర్వాత ఆ సందుని వాడుకున్న మాట నిజమే. కానీ ఈ పేజీలు ఎన్నిసార్లు చదివినా నాకు కనిపించేది తండ్రి పేరుకి మచ్చ రాకూడదన్న కొడుకు ఆరాటమే. మార్గరెట్ ఏమైపోయిందన్న బాధ అందులో నాకు కనిపించలేదు. నేను వకీలుని, తీర్పు అంటే కోర్టులో ఎవరో ఒకరు ఇంటికి వెళ్తారా లేదా అనేది, అక్కడ ఈ పుస్తకం నన్ను నిరాశపరిచింది. ఈ అధ్యాయం చదివేవాళ్లు దాంతోపాటు ఆ కేసు మీద ఇటీవలి చరిత్రకారులు రాసింది ఏదైనా చదవాలి, ఒక్క విలియం మాటే పట్టుకోకూడదు.

రెండో లోటు సారా. అన్ని ఉత్తరాలు ఆవిడకి వెళ్లాయి, ఆవిడ నుంచి వచ్చినవి దాదాపు లేవు. ఐదుగురు పిల్లల్ని పోగొట్టుకున్న తల్లి, శీతాకాలాలు ఒంటరిగా ఇల్లు నడిపిన మనిషి, ఏం రాసి ఉంటుందో అని ప్రతి ఉత్తరం చివర అనిపించింది. స్టోరీ కాయితాలు మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీ, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ లాంటి చోట్ల ఉన్నాయి. అక్కడ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు ఎవరైనా ఓపిక చేసుకుని వెళ్లి ఆ కుటుంబపు ఉత్తరాలు చూసి తెలుగులో నాలుగు ముక్కలు రాస్తే నేను చాలా సంతోషిస్తాను, ఇది మాట వరసకి అంటున్నది కాదు.

విలియం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ పుస్తకం సగం అతనిది. తండ్రి దగ్గరే హార్వర్డ్‌లో లా చదివాడు, 1844లో కాంట్రాక్టుల మీద పుస్తకం కూడా రాశాడు, వకీలుగా స్థిరపడేవాడే. స్టోరీ 1845 సెప్టెంబరు 10న పోయాడు, కోర్టు పని వదిలేసి పూర్తిగా పాఠాలు చెప్పుకుందామని, ముందు పెండింగ్ కేసులు తెముల్చుకుందామని చూస్తుండగా. మౌంట్ ఆబర్న్‌లో ఆయన విగ్రహం పెట్టాలనుకున్నప్పుడు ఆ పని కొడుక్కే ఇచ్చారు. అతనికి బొమ్మలు చెక్కడం సరదాయే గానీ అతను శిల్పి కాదు. నేర్చుకోవడానికి ఇటలీ వెళ్లాడు. వెళ్లినవాడు చివరికి వకీలు వృత్తి వదిలేసి రోమ్‌లో శిల్పిగానే ఉండిపోయాడు. ఆ విగ్రహం ఇప్పుడు హార్వర్డ్ లా స్కూల్లో ఉంది. అంటే ఈ రెండు సంపుటాలు రాసింది, తండ్రి రూపాన్ని రాయిలో తీయడం నేర్చుకుంటున్న కాలంలోనే. అది తెలిశాక అతని అతిశయోక్తులు నేను చాలావరకు క్షమించాను. ఇంట్లో తండ్రి ఎలా ఉండేవాడో చెప్పే పేజీలు మాత్రం క్షమించాల్సిన అవసరం లేకుండా బాగున్నాయి: గొప్ప మాటకారి, సాయంత్రాలు పుస్తకాల గదిలోకి వెళ్లకుండా ఇంట్లోవాళ్లతో గడిపేవాడు, అన్ని గ్రంథాలు ఎప్పుడు రాశాడో ఇంట్లోవాళ్లకే ఆశ్చర్యం.

రెండో సంపుటంలో ఇంగ్లండ్ పండితులతో పుస్తకాల గురించి నడిచిన ఉత్తరాలు చాలా ఉన్నాయి, లా చరిత్ర మీద పనిచేసేవాళ్లకి తప్ప మిగతావాళ్లకి అవి అవసరం లేదు, దాటేయండి. ఇతరులు ఆయన్ని పొగుడుతూ రాసినవి కూడా. హార్వర్డ్ లా స్కూల్ భాగం మాత్రం వదలొద్దు, 1829లో నేథన్ డేన్ అనే వకీలు ఇచ్చిన పది వేల డాలర్ల నిధితో ఈయన ప్రొఫెసర్‌గా చేరేసరికి ఆ స్కూల్ మూతపడే స్థితిలో ఉంది. జడ్జి ఉద్యోగం చేస్తూనే, కేసులు వినడానికి ఊరూరా సర్క్యూట్ తిరుగుతూనే, దాన్ని నిలబెట్టాడు.

ఇంగ్లిష్ పాతకాలపుది, వాక్యాలు పొడుగు, మొదటి యాభై పేజీలు నెమ్మదిగా నడుస్తాయి. నా సలహా, మొదటి పేజీ నుంచి మొదలుపెట్టకండి. ముందు 1831 జనవరి ఉత్తరం ముక్కలు వెతుక్కుని చదవండి, తర్వాత సారాకి రాసినవి తేదీల వరసన, ఆ తర్వాతే విలియం రాసిన జీవితం. లా చదివే పిల్లలకి కోక్ ముందు కూచుని ఏడ్చిన ఆ రెండు పేజీలు చాలు.

వెనక్కి పంపిన రెండో సంపుటం బదులు ఇంకోటి తీసుకోలేదు. వెలిసిపోయిన మొదటిది మాత్రం ఉంచుకున్నాను, ఆ ఉత్తరం అందులో ఉంది. ముక్కల వరస రాసుకున్న కాయితం అట్ట లోపల అతికించాను, ఆఫీసులో జూనియర్లు ఎవరైనా అడిగితే ఆ పేజీలు తీసి ఇస్తున్నాను.